44 ఏళ్ల కబడ్డీ రైడర్ మళ్లీ బరిలోకి: ఆట తప్పుల్లేకుండా కామెడీ రాయాలంటే?

ప్రశ్న: 20 నిమిషాల లఘుచిత్రం. పొట్ట పెరిగిన పాత రైడర్ (అవతలి కోర్టులోకి కూతకు వెళ్లే ఆటగాడు) సంక్రాంతి పోటీల్లో ఊరి జట్టు తరఫున దిగుతాడు. కుర్రాళ్ల మీద గెలిస్తే ప్రేక్షకులు నమ్మాలి. ఏ ఎత్తుతో గెలిపించాలి?

జవాబు 1: వేగంతో వద్దండీ, బోనస్‌తో (ఎవరినీ తాకకుండానే గీత దాటి తెచ్చే పాయింటు) గెలిపించండి. అవతల కనీసం ఆరుగురుంటేనే బోనస్. మధ్య గీత నుంచి బాక్ లైన్ (అవతలి కోర్టులో మొదట వచ్చే గీత) 3.75 మీటర్లు, ఆపైన ఇంకో మీటరుకు బోనస్ గీత. ముందు కాలు గీత దాటి నేలకు ఆనాలి, అదే క్షణంలో వెనక కాలు గాల్లో ఉండాలి. రెండూ నేల మీదుంటే పాయింటు లేదు. కెమెరా మోకాలి ఎత్తులో పెట్టి ఆ వెనక కాలినే చూపించండి. నవ్వూ ఉత్కంఠా రెండూ అక్కడే పుడతాయి.

జవాబు 2: కూత మరవొద్దు. రైడ్‌కు 30 సెకన్లు, ఆపకుండా 'కబడ్డీ' అంటూనే ఉండాలి. అవతలి కోర్టులో కూత తెగితే అవుటే. ఈ వయసులో కాళ్లకంటే ముందు దమ్మే మోసం చేస్తుంది, కాబట్టి సాధన సీన్లన్నీ ఊపిరి మీద నడపండి. డబ్బింగ్‌లో కూత అతికించకండి, తేడా ఇట్టే దొరికిపోతుంది.

జవాబు 3: క్లైమాక్స్‌కు సూపర్ టాకిల్ బాగుంటుంది. పట్టే జట్టులో ముగ్గురు లేదా అంతకన్నా తక్కువ మంది మిగిలినప్పుడు అవతలి రైడర్‌ను పట్టేస్తే 2 పాయింట్లు. మీ హీరోను మూలన నిలబెట్టి మడమ పట్టు వేయించండి, పరుగు అక్కర్లేదు. షూటింగ్‌లో మాత్రం నటుడికి ముందు 15 నిమిషాలు వార్మప్ చేయించండి, లేకపోతే పిక్క పట్టేస్తుంది.