అప్‌డేట్: పూరీమ్‌కు పక్కింటివారికి ఏమిచ్చామంటే

న్యూజెర్సీలో మా పక్కింటి యూదు కుటుంబానికి పూరీమ్ పండుగకు ఏ తినుబండారాలు ఇవ్వాలని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. సున్నుండలు చేయాలన్న ఆలోచన మానుకున్నాం. వారు కోషర్ నియమాలు, అంటే యూదుల ఆహార నియమాలు, గట్టిగా పాటిస్తారు. మన వంట ఎంత శుచిగా ఉన్నా, శాకాహారమే అయినా వారింట్లో చెల్లదు. అందుకే వృత్తంలో 'యూ' అక్షరమున్న కోషర్ ముద్ర చూసి, సీలు విప్పని బాదంపప్పు, ద్రాక్షరసం కొన్నాం. ద్రాక్షరసానికి కోషర్ ముద్ర తప్పనిసరి. నారింజపండ్లూ పెట్టాం. పూరీమ్ కానుకలో వెంటనే తినగలిగినవి కనీసం రెండు రకాలుండాలన్న ఆచారం నెరవేరింది. పగటిపూటే ఇచ్చాం. వారు గసగసాలు కూరిన ముక్కోణపు బిస్కెట్లు, హామన్‌తాషెన్ పంపారు. ఎంత రుచిగా ఉన్నాయో! యూదుల మరో పండుగ పెసహ్‌కు నియమాలు ఇంకా కఠినం, పులిసిన గోధుమ పదార్థాలేవీ పనికిరావు. అప్పుడు పువ్వులే ఇస్తాను.