హామ్‌స్టర్‌కు బత్తాయి పెట్టవచ్చునా? తాజా కూరలు, పండ్లు, చిరుతిండిపై చర్చ

నల్లగొండ నాన్న:
మా అమ్మాయి పుట్టినరోజుకు హైదరాబాదు నుంచి ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువు, ఒక సిరియన్ హామ్‌స్టర్‌ను తెచ్చి మూడు వారాలయింది. వంటింటి త్రాసులో తూస్తే 110 గ్రాములు వచ్చింది. అమ్మిన దుకాణంలో గింజల పొట్లం ఒకటి చేతిలో పెట్టి ఇది తప్ప మరేదీ పెట్టవద్దన్నారు, తెలిసినవారేమో తాజా కూర లేకపోతే దాని ఆరోగ్యం నిలవదంటున్నారు. మాకు బత్తాయి తోట ఉన్నందున కత్తెర కాపు దిగినప్పుడు ఇంట్లో ఏ మూల చూసినా కాయలే ఉంటాయి. మా అమ్మ నిన్న ఒక తొన వలిచి, గింజలు తీసి, మనవరాలికి పెట్టినంత ప్రేమగా దానికి పెట్టింది. అది తొనను బుగ్గలోకి తోసుకుని, కాసేపటికి బయటకు తీసి రంపపు పొట్టులో పూడ్చిపెట్టింది. బత్తాయిలో సి విటమిన్ ఉంటుంది కనుక మంచిదేనని అమ్మ వాదన. ఏమి పెట్టాలో, ఎంత పెట్టాలో, ఏ వేళకు పెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పశువైద్య విద్యార్థి:
ముందుగా ఆ పూడ్చిన తొనను వెతికి తీసివేయండి, మిగతాది తరువాత మాట్లాడుకుందాం. నారింజ, నిమ్మ, బత్తాయి వంటి పుల్లని జాతి పండ్లు హామ్‌స్టర్‌కు తగవు. వాటి పులుపు నోటినీ కడుపునూ ఇబ్బంది పెడుతుంది. సి విటమిన్ విషయంలో అమ్మగారి మాట గినీ పంది అనే మరో చిన్న పెంపుడు జంతువుకు వర్తిస్తుంది, ఎందుకంటే అది మనలాగే ఆ విటమిన్‌ను ఒంట్లో తయారు చేసుకోలేదు. హామ్‌స్టర్ తనకు కావలసినంత తానే తయారు చేసుకుంటుంది కనుక దాని కోసం బత్తాయి అవసరమే లేదు.

పరిమాణం గురించి ఒక లెక్క చెబుతాను, నేను ఎవరు అడిగినా ఇదే చెబుతాను. మీ హామ్‌స్టర్ 110 గ్రాములు, 55 కిలోల మనిషి దానికి 500 రెట్లు. ఒక బత్తాయి తొన పది గ్రాములనుకుంటే, ఆ తొన దానికి మనకు 5 కిలోల పండుతో సమానం. సిరియన్ హామ్‌స్టర్ రోజంతా తినే మొత్తం తిండే దాదాపు 8 నుంచి 12 గ్రాములు. అందులో తాజా కూర పదో వంతుకు మించకుండా చూసుకుంటే చాలు, అంటే మీ చిటికెనవేలి గోరంత ముక్క. పండైతే అందులో సగం, అదీ వారానికి ఒకటి రెండు సార్లే.

పాలమూరు టీచరమ్మ:
విద్యార్థి గారి లెక్క నాకు నాలుగేళ్ల క్రితం తెలిసి ఉంటే బాగుండేది. మహబూబ్‌నగర్‌లో మా ఇంటికి మొదట వచ్చిన హామ్‌స్టర్‌కు అప్పుడు నెలన్నర వయసు. వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చిన చుట్టాల పిల్లలు ఒకరి తరువాత ఒకరు, ఒకరికి తెలియకుండా మరొకరు, పుచ్చకాయ ముక్కలు పెట్టారు. మరుసటి రోజు ఉదయానికి దాని తోక చుట్టూ అంతా తడిసి, అది మూలకు ముడుచుకుని ఉంది. ఎద్దులకూ మేకలకూ వైద్యం చేసే చోటికే తీసుకువెళ్లాము, అక్కడి డాక్టరు గారు ఇంత చిన్న జంతువును ఎప్పుడూ చూడలేదని నిజాయితీగా చెప్పి, తెలిసినవారికి ఫోన్ చేసి కనుక్కుని మందు రాశారు. రెండు రోజులకు అది పోయింది. ఇప్పుడు ఉన్న రెండోదానికి కూర పెట్టే పని ఇంట్లో నా ఒక్కదానిదే. రాత్రి ఎనిమిది గంటలకు అది నిద్ర లేచాక ఒక ముక్క పెడతాను, పడుకునే ముందు గూడంతా వెతికి మిగిలినది తీసేస్తాను.

నేను పెట్టేవి చెబుతాను: కీర దోసకాయ, క్యారెట్, బ్రోకలీ, క్యాప్సికం, కొత్తిమీర రెండు రెమ్మలు, పచ్చి బఠానీ ఒకటి. పాలకూరలో ఆక్సాలేట్లు (మూత్రంలో రాళ్లు కట్టించే లవణాలు) ఎక్కువ కనుక పదిహేను రోజులకోసారి ఒక చిన్న ఆకు మాత్రమే. అంగడిలో కొన్న కొత్తిమీర మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు కనుక ఉప్పు నీళ్లలో పావుగంట నానబెట్టి, మంచినీళ్లలో రెండు సార్లు జాడించి, గుడ్డతో తడి అద్ది పెడతాను. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కను చల్లగా ఉండగానే ఎన్నడూ పెట్టను.

పశువైద్య విద్యార్థి:
టీచర్ గారూ, మీ మనసులోని బరువు కొంత తగ్గుతుందేమోనని ఒక మాట. విరేచనాలతో తోక చుట్టూ తడిసిపోయే వెట్ టెయిల్ అనే జబ్బు ఒకటి ఉంది, అది బ్యాక్టీరియా వల్ల వస్తుంది. మూడు నుంచి ఎనిమిది వారాల వయసున్న పిల్లల్లో, తల్లి నుంచి విడదీయడం, ప్రయాణం, కొత్త చోటు, తిండిలో హఠాత్తు మార్పు వంటి ఒత్తిళ్లు కలిసినప్పుడు అది ఎక్కువగా కనిపిస్తుంది. పుచ్చకాయలో 90 శాతానికి పైగా నీళ్లే కనుక ఎక్కువైతే విరేచనాలు కావడం ఒకటి, ఆ జబ్బు రావడం మరొకటి. మీ ఇంట్లో జరిగినది ఏదో ఇప్పుడు తేల్చలేము. అయితే కొత్తగా తెచ్చిన పిల్లకు మొదటి వారం దుకాణంలో తిన్న తిండే పెట్టి, ఆ తరువాత ఒక్కొక్క కూరనే, మధ్యలో మూడు నాలుగు రోజులు ఆగి, రెట్టలు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తూ అలవాటు చేయడం మంచిది. హామ్‌స్టర్ కడుపులో ముందు భాగం ఒక చిన్న పులియబెట్టే గది వంటిది, అక్కడి సూక్ష్మజీవులకు కొత్త తిండికి అలవాటు పడడానికి సమయం కావాలి. తోక తడిసిందంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగవద్దు.

వనపర్తి పల్లీలు:
నా పేరులోనే ఉంది కనుక పల్లీల గురించి నేను చెప్పాలి. మా వైపు ఇంట్లో పల్లీల బస్తా లేని రోజు ఉండదు. హామ్‌స్టర్ ఎంత ముచ్చటగా తీసుకుంటుందంటే మరొకటి ఇవ్వకుండా ఉండలేము. కానీ పల్లీలో దాదాపు సగం నూనే. ఒక గింజ అర గ్రాము ఉంటుందనుకుంటే, పై లెక్క ప్రకారం అది దానికి మనం పావు కిలో తిన్నట్టు. నేను వారానికి రెండు గింజలు, ఉప్పు లేకుండా వేయించినవి, సగం సగం చేసి నాలుగు రోజులకు పంచుతాను. పొద్దుతిరుగుడు గింజలకూ ఇదే నియమం. నల్లబడినవి, ముడతలు పడినవి, బూజు వాసన వచ్చేవి పక్షులకు కూడా వేయవద్దు. ఆ బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు.

ఇంకో విషయం. పెద్ద దుకాణాల్లో పక్షులకూ హామ్‌స్టర్లకూ అని ఎండిన కంకులు ప్యాకెట్టులో పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతారు. అవి మన కొర్ర కంకులే. పొలంలో కొర్ర వేసేవారు తెలిసి ఉంటే నాలుగు కంకులు అడిగి తెచ్చుకుని, ఎండబెట్టి, గూట్లో వేలాడదీయండి, అది ఒక్కొక్క గింజను ఒలుచుకుని తింటుంటే ఆటా అవుతుంది, తిండీ అవుతుంది. జొన్న గింజలు కూడా మంచివే. అయితే విత్తనాల కోసం ఉంచిన, రంగు పట్టించిన గింజలు మాత్రం పొరపాటున కూడా పెట్టవద్దు, ఆ రంగు ఉన్నవి మందుతో శుద్ధి చేసినవి.

నాగర్‌కర్నూల్ నీడ:
నాకు జరిగిన తికమక ఒకటి చెబుతాను. కోస్తా వైపు మిత్రురాలు ఒకరు తన హామ్‌స్టర్‌కు ఆనపకాయ ముక్క పెడుతున్నానని రాశారు. మా ఊరిలో అనపకాయ అంటే చలికాలంలో ఒలుచుకుని కూర వండుకునే గింజల కాయ. సంతోషంగా నాలుగు పచ్చి అనుములు ఒలిచి పెట్టాను. అదృష్టం కొద్దీ అది వాసన చూసి వదిలేసింది. తరువాత తెలిసినదేమిటంటే, వారు చెప్పినది మనం సొరకాయ అనుకునేది. అనుములనూ, చిక్కుడు జాతి గింజలనూ, రాజ్మాను పచ్చిగా పెట్టకూడదట. దీర్ఘం ఒకటి ఉండీ లేక ఇంత పని చేసింది.

పశువైద్య విద్యార్థి:
నిజమే, ఆ జాతి పచ్చి గింజల్లో ఉడికిస్తే గాని పోని విష పదార్థాలు ఉంటాయి. సొరకాయ పెట్టేవారు కూడా ముందు ఒక చిన్న ముక్కను తమ నాలుక మీద పెట్టుకుని చూడాలి, చేదుగా ఉంటే ఆ కాయ మనుషులకూ పనికిరాదు, జంతువులకూ పనికిరాదు. దోసకాయకూ ఇదే వర్తిస్తుంది.

పెట్టకూడనివి కూడా ఇక్కడే చెబుతాను. ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడలు, చాక్లెట్, అవకాడో, పచ్చి బంగాళాదుంప, అందులోనూ పచ్చరంగు తేలినది, టమాట ఆకులూ కాడలూ. పండిన టమాట గుజ్జు చిటికెడు ఎప్పుడైనా పర్వాలేదు. ఆపిల్ పెట్టవచ్చు, గింజలు తీయాలి. సీతాఫలం గురించి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను: బాలానగర్ సీతాఫలం ఎంత పేరున్నదైనా, గుజ్జు మితిమీరిన తీపి, బుగ్గకు అంటుకుంటుంది, గింజలు విషం.

దేవరకొండ దారి:
మా దగ్గర ఉన్నది మరుగుజ్జు రకం, నలభై గ్రాములు కూడా ఉండదు. దానికీ ఇవే కొలతలా?

పశువైద్య విద్యార్థి:
కాదు. ముక్క మూడో వంతుకు తగ్గించండి, పండ్లు దాదాపు మానేయండి. మరుగుజ్జు రకాల్లో, ముఖ్యంగా క్యాంప్‌బెల్ రకంలో, మధుమేహం వచ్చే స్వభావం ఉంది. దుకాణాల్లో రకాలు కలిసిపోయి ఉంటాయి కనుక మీది ఏదో కచ్చితంగా చెప్పలేరు. క్యారెట్, మక్కజొన్న, బఠానీ కూడా తీపివే అని గుర్తుంచుకుని కీర, బ్రోకలీ, కొత్తిమీర వైపు మొగ్గండి. నీళ్ల సీసా మునుపటి కంటే త్వరగా ఖాళీ అవుతుంటే, పడక ఎక్కువగా తడుస్తుంటే డాక్టరుకు చూపించండి.

మిర్యాలగూడ మిల్లు:
మా ఇంట్లో సద్దుల బతుకమ్మ నాడు మా బాబు సజ్జ మలీద ముద్దలోంచి కొంత గిల్లి పెట్టాడు. బెల్లమూ నెయ్యీ కలిసిన ఆ ముద్ద, అది తిండి దాచుకునే బుగ్గ సంచిలో అతుక్కుపోయి, రెండో రోజుకు ఒక వైపు బుగ్గ ఉబ్బే ఉంది. అది ముందుకాళ్లతో పదే పదే తోస్తున్నా బయటకు రాలేదు. డాక్టరు గారు గోరువెచ్చని నీళ్లతో కడిగి నెమ్మదిగా తీశారు, లోపల చర్మం ఎర్రబడింది కానీ పుండు కాలేదు. ఆ సంచి భుజం దాకా వెళుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పుడు పండుగలకు బాబు చేతికి మలీద, అరిసె, సకినం వంటివి ఇచ్చే ముందే హామ్‌స్టర్ గూడును పై అరలోకి మారుస్తున్నాము. పండుగ పూట దానికీ ఏదో పెట్టాలని బాబు పట్టుబడితే, ఉప్పు లేకుండా ఉడికించిన గుడ్డు తెల్లసొన శనగగింజంత ఇస్తాము.

పాలమూరు టీచరమ్మ:
గుడ్డు మంచి ఆలోచనే, మాంసకృత్తులు కూడా వాటికి కావాలి. కానీ గుడ్డును ఒక గంట కంటే ఎక్కువ గూట్లో ఉంచవద్దు. మే నెలలో మన వైపు ఎండ 44 డిగ్రీలను తాకినప్పుడు కీర ముక్క కూడా రెండు గంటల్లో వడలి జిగురెక్కుతుంది. ఆ నెలల్లో నేను పూర్తిగా చీకటి పడ్డాకే కూర పెడతాను, గూడును మట్టి కుండ పక్కన పెడతాను. కీర ఉంది కదా అని నీళ్ల సీసా నింపడం మానకూడదు. సీసా మూతిలో గాలి బుడగ అడ్డుపడి నీళ్లు రాకపోవడం నేను రెండు సార్లు చూశాను కనుక రోజూ ఒక చుక్క వేలి మీద రాల్చి చూస్తాను.

వనపర్తి పల్లీలు:
టీచర్ గారితో ఒక్క విషయంలో నాకు భేదం ఉంది. రోజూ రాత్రి గూడంతా వెతికి దాచుకున్నది తీసేస్తే అది బెదిరిపోయి మరింత లోతుగా దాచడం మొదలుపెడుతుంది. నేను తడి ముక్కలనే తీస్తాను, ఎండు గింజల నిల్వను దాని ఆస్తిగా వదిలేస్తాను, వారానికోసారి మాత్రమే పాతవి తీసి కొత్తవి కొన్ని అదే చోట పెడతాను.

పాలమూరు టీచరమ్మ:
ఒప్పుకుంటున్నాను. నేను కూడా గింజలను తీయను, కాని నా రాతలో అది స్పష్టంగా లేదు.

నల్లగొండ నాన్న:
అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు ఇవాళ రంపపు పొట్టు కదిపి చూస్తే, బత్తాయి తొన ఒకటే అనుకున్నది మూడు బయటపడ్డాయి. అందులో ఒకటి అప్పటికే బూజు పట్టి ఉంది. మిగతా రెండూ ఎప్పటివని అడిగితే అమ్మ నవ్వి ఊరుకుంది. ఇప్పుడు త్రాసు పక్కనే చిన్న పుస్తకం పెట్టి, ఎవరు ఏమి పెట్టినా రాయాలని అమ్మాయి నియమం చేసింది. మొదటి పేజీలో నానమ్మ చేతిరాతతో ‘కీర, ఒక గోరు’ అని ఉంది. ఒక సందేహం మిగిలింది: కీర తొక్కతో పెట్టాలా, తీసి పెట్టాలా?

పాలమూరు టీచరమ్మ:
మీ పెరట్లో మందు కొట్టకుండా పండినదైతే కడిగి తొక్కతోనే పెట్టండి, అంగడిదైతే తీసేయండి.