అప్‌డేట్: చెక్క బాతు ఒరగడం ఆగింది

పోయిన నెల అడిగాను కదా, పోటీకి చెక్కిన కాన్వాస్‌బ్యాక్ (ఒక జాతి బాతు) డెకాయ్ (వేటలో ఎరగా నీళ్లలో వదిలే చెక్క బాతు, మన పాత మాటలో దీమం) కుడివైపుకి ఒరిగిపోతోందని, బోర్లా వేస్తే లేవట్లేదని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

తప్పు దొరికింది. తలని కుడివైపు తిప్పి చెక్కాను, ఆ బరువంతా అటే పడుతోంది. నేనేమో నిలకడ కోసం పెట్టే సీసం ముక్కని అడుగున సరిగ్గా మధ్యలో బిగించాను. మీలో ఒకరు చెప్పినట్టే స్క్రూలు తీసేసి, రబ్బరు బ్యాండ్లతో కట్టి, బాత్‌టబ్‌లో కొంచెం కొంచెం జరుపుతూ చూశాను. అర అంగుళం ఎడమకి జరపగానే నీటిగీత రెండువైపులా ఒకే ఎత్తుకి వచ్చింది. బోర్లా పడేశాను. ఒక్క ఊపు ఊగి లేచి నిలబడింది! కళ్లలో నీళ్లు తిరిగాయి.

పోటీలో బహుమతి రాలేదు. రొమ్ము మీద నలుపు రంగు నిగనిగలాడుతోందన్నారు. నిజమే, ఎండలో మెరిస్తే అసలు బాతులు దగ్గరికి రావు. కానీ నీళ్ల పరీక్ష పాసైంది, అది చాలు. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని క్రిస్‌ఫీల్డ్‌లో మంగలిషాపు నడుపుతూ బాతులు చెక్కిన వార్డ్ అన్నదమ్ములంటే నాకు ఇప్పుడు ఇంకా గౌరవం.

ఈసారి ఉల్లంకి పిట్ట చెక్కుతున్నా. కర్రకి గుచ్చి ఇసకలో పాతేది కాబట్టి తేలే గొడవ లేదు. ముక్కు మాత్రం సన్నగా ఉంటుంది. దానికి విడిగా గట్టి చెక్క దిగ్గొట్టాలా?