‘రైజ్ ద రెడ్ లాంటర్న్’ బ్యాలే చూసినవాళ్లు చెప్పండి: పెకింగ్ ఒపెరా (పాట, అభినయం కలిసిన చైనా సంప్రదాయ నాటకం) అందులో అతికిందా?

గజ్జెలు
నేషనల్ బ్యాలే ఆఫ్ చైనా వాళ్ల ఈ బ్యాలేని వీడియోలో చూశాను. 2001లో బీజింగ్‌లో మొదలైంది. దర్శకుడు జాంగ్ యిమౌ, 1991లో తీసిన తన సినిమానే వేదిక మీదికి తెచ్చాడు. సంగీతం చెన్ చిగాంగ్. కూచిపూడి నేర్చుకున్నదాన్ని కాబట్టి నా చూపంతా పాదాల మీదే ఉంది. ఒపెరా ముక్కలు అలంకారంగా పెట్టారా, కథకు అవసరమయ్యే వచ్చాయా? హాల్లో చూసినవాళ్లు ఉంటే చెప్పండి.

లండన్‌వాసి
వాళ్లు ఇక్కడికి వచ్చినప్పుడు చూశాను. అవసరమయ్యే వచ్చాయండి. కొత్తగా ఇంటికి తెచ్చిన చిన్న భార్య ప్రేమించినవాడు పెకింగ్ ఒపెరా నటుడు. యజమాని తన ఇంట్లో ఒపెరా ఆడిస్తాడు, వాళ్లిద్దరూ మళ్లీ ఎదురుపడేది అక్కడే. కంచు తాళాలు, చిన్న డోలు మోగగానే హాలు గాలే మారిపోయింది. అంతసేపూ వయొలిన్ల మీద సాగిన కథ ఒక్క దెబ్బకి బిగుసుకుంది. వీడియోలో ఆ అదురు తెలియదు.

పాతరీలు
సినిమాలో ఒపెరా గాయని మూడో భార్య. బ్యాలేలో ఆ కళని ప్రేమికుడికి ఇచ్చారు. మంచి మార్పు. మాటల్లేని కథలో ప్రేమికుడు ఏం చేసేవాడో చెప్పాలంటే, అతని ఒంటి కదలికే వేరుగా ఉండాలి కదా.

తెర_ముందు
నాకు అంత నచ్చలేదు. జాంగ్ యిమౌకి బొమ్మ కట్టడం తెలుసు, నాట్యం మాత్రం ఆ బొమ్మ వెనక ఆగిపోతుంది. మొదటిరాత్రి బలాత్కారం చూడండి: కాగితపు తెరల మీద నీడలు, ఆమె తెర చించుకుని పారిపోవడం, చివరికి పెద్ద ఎర్రగుడ్డ కమ్మేయడం. ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. కానీ అందులో అడుగులెన్ని?

లండన్‌వాసి
అడుగులు తక్కువే, ఒప్పుకుంటాను. మరి పలకలతో ఆడే చైనా ఆట మాజాంగ్ దగ్గర? పలకల టకటకే తాళం, అదంతా నాట్యమే. ఇక ఆఖర్లో ముగ్గురికి మరణశిక్ష. ఎర్రరంగులో ముంచిన కర్రలతో తెల్లటి గోడని కొడతారు. చచ్చేవాళ్లని ఎవరూ ముట్టుకోరు, ఒక్కో దెబ్బకీ గోడ మీద ఎర్ర చార పడుతుంది. ఇంతకంటే బాగా ఎవరు చేయగలరు?

పాతరీలు
ఆ ముగ్గురిలో రెండో భార్య కూడా ఉంటుంది, అది మర్చిపోవద్దు. ప్రేమికుల్ని పట్టించిందీ ఆమే. అయినా యజమాని దగ్గరికి తియ్యలేదు. యజమాని మెచ్చిన భార్య కోసమే వెలిగే లాంతర్లని కోపంలో తనంతట తనే వెలిగించి, చించేసి, వాళ్లతో పాటే చస్తుంది. నాకు అందరికంటే ఆమె మీదే జాలి.

గజ్జెలు
పాదాల సంగతి ఇప్పుడు చెబుతాను. ఒపెరాలో స్త్రీపాత్ర మడమ, మునివేళ్లు ఆనిస్తూ చిన్న చిన్న అడుగులతో జారినట్టు పోతుంది, పైభాగం కదలదు. బ్యాలేలో బొటనవేళ్ల మీద లేచి అలాగే సన్నటి అడుగులు వేస్తారు. రెండూ దూరంనుంచి ఒకటే పరుగులా కనిపిస్తాయి. ఒకటి నేలని వదలదు, ఇంకొకటి వదిలిపోవాలని చూస్తుంది. చిపావ్ (ఒంటికి అతుక్కునే చైనా ఆడవాళ్ల గౌను) లాంటి దుస్తులతో బ్యాలే చేస్తుంటే ఆ లాగుడు నాకు అర్థమైంది. పంజరం అంటే అదే.

తెర_ముందు
ఈ మాటకి మళ్లీ చూస్తాను. నన్నడిగితే మాత్రం అదే సంస్థ 2008లో చేసిన ‘ద పియోనీ పెవిలియన్’ ఇంకా మేలు. నృత్యకర్త ఫెయ్ బో, కథ 1598 నాటి తాంగ్ షియాన్‌జూ నాటకం. అందులో ఒపెరా రకం పెకింగ్ కాదు, అంతకంటే పాతదైన కున్‌చూ. నాయికని ముగ్గురుగా చీల్చారు, వాళ్లలో ఒకామె కున్‌చూ పాడుతుంది. గువో వెన్‌జింగ్ సంగీతంలో ఫ్రెంచ్ స్వరకర్త దెబుస్సీ కూడా వినిపిస్తాడు.

గజ్జెలు
పాడే ఆమె, ఆడే ఆమె ఒకేసారి వేదిక మీద ఉంటారా? అయితే ఈ వారమే చూస్తాను.