చెట్టెక్కలేని దింపు కార్మికుడికి ఎంత పరిహారం అడగాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాలుగు నెలల క్రితం రావులపాలెం నుంచి బండి మీద వస్తున్న మా అన్నయ్యను ఎదురుగా వచ్చిన ఇసుక లారీ గుద్దేసింది. ఎఫ్ఐఆర్ లారీ డ్రైవర్ మీదే ఉంది. కుడి తొడ ఎముక విరిగి రాడ్ వేశారు, మోకాలు సరిగా మడత పడటం లేదు.

అన్నయ్యది కొబ్బరి దింపు పని. డాక్టర్ గారు వైకల్యం 35 శాతం ఉంటుందన్నారు. కానీ మోకాలు వంగనివాడు చెట్టెలా ఎక్కుతాడండీ? పోయింది 35 శాతం కాదు, మొత్తం బతుకుదెరువే. శరీర వైకల్యం వేరు, సంపాదన నష్టం వేరు అని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బీమా కంపెనీ వాళ్లు మాత్రం మూడు లక్షలకు సంతకం పెట్టేయమంటున్నారు. ఆస్పత్రికే అంతకంటే ఎక్కువైంది, వదిన పుస్తెలతాడు తాకట్టులో ఉంది.

క్లెయిమ్ 6 నెలల్లోపు వేయాలని చట్టంలో ఉంది, అదే టెన్షన్. చెట్టు లెక్కన చేతికిచ్చే కూలికి రసీదులు ఉండవు. ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో) ఆదాయం ఎలా రుజువు చేయాలి? తోటల రైతులు వచ్చి సాక్ష్యం చెబితే సరిపోతుందా? రాడ్ తీయించే ఆపరేషన్ ఖర్చు కూడా ఇప్పుడే అడగాలా? ఇలాంటి కేసు నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.