1.15 లక్షలకు కార్బన్ రోడ్ బైక్ వస్తోంది, తీసుకోవాలా వదిలేయాలా?

పానగల్లు కట్ట

అందరికీ నమస్తే. మాది నల్గొండ. మూడేళ్ల నుంచి ఒక మామూలు హైబ్రిడ్ సైకిల్ తొక్కుతున్నాను. పొద్దున ఐదింటికి లేచి నార్కట్‌పల్లి దాకా పోయి రావడం, ఆదివారమైతే సాగర్ రోడ్డు పట్టుకుని హాలియా వైపు. ఈ చలికాలంలో 200 కిలోమీటర్ల బీఆర్ఎం (గడువులోపు పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్) ఒకటి చేయాలని ఉంది. 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి కదా, నా హైబ్రిడ్ మీద 90 కిలోమీటర్లకే నడుము పట్టేస్తోంది.

పోయిన నెల చిట్టి ఎత్తాను. అందులోంచి లక్ష దీనికని పక్కన పెట్టాను, గట్టిగా లాగితే లక్షా ఇరవై, అంతకు మించి ఒక్క రూపాయి కూడా లేదు. చూసినవి మూడు.

హైదరాబాద్‌లో ఒక షాపులో కార్బన్ ఫ్రేమ్, షిమానో 105 గేర్లు, 11 స్పీడ్, రిమ్ బ్రేకులు (చక్రం అంచును రబ్బరుతో పట్టేవి). 2019 మోడల్, పాత స్టాక్, కానీ ఎవరూ తొక్కలేదు. ఎమ్మార్పీ లక్షా తొంభై ఉంది, 1.15కి ఇస్తానంటున్నాడు. ఫ్రేము సైజు 56 (సెంటీమీటర్లలో) ఒక్కటే మిగిలింది. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే ముక్క) చిన్నది వేస్తే సరిపోతుందని షాపాయన మాట.

ఇంకోచోట అల్యూమినియం ఫ్రేమ్, షిమానో టియాగ్రా గేర్లు 10 స్పీడ్, డిస్క్ బ్రేకులు, 88 వేలు, 52 సైజు ఉంది. మూడోది సెకండ్ హ్యాండ్, కార్బన్, షిమానో అల్టెగ్రా గేర్లు, 54 సైజు, 80 వేలు, బిల్లు లేదు. అమ్మేటాయన ఒక్కసారి కూడా కింద పడలేదని ఒట్టేసి చెబుతున్నాడు.

మా సోపతిగాళ్లంతా కార్బన్, కార్బన్ అని చెవిలో జోరీగల్లా తిరుగుతున్నారు. షాపాయన శనివారం దాకా ఆపుతానన్నాడు. జర చెప్పండి.

జడ్చర్ల 44

తమ్మీ, 75 వేలు తగ్గించాడంటే నీ మీద ప్రేమతో కాదు. 52లు, 54లు ఎప్పుడో అమ్ముడుపోయి ఉంటాయి, మన దగ్గర ఆరడుగుల మనుషులు తక్కువ కాబట్టి ఆ 56 గోడకు వేలాడుతూ మిగిలిపోయింది. ఇప్పుడు దాన్ని ఎవరో ఒకరి మెడకు చుట్టాలి.

ఇది నేను చేసి చూసిన పనే. నా ఎత్తు 5 అడుగుల 7. 2021లో ఇట్లాగే డిస్కౌంట్ చూసి ఆగమై 56 తెచ్చుకున్నా. స్టెమ్ 110 మిల్లీమీటర్లది తీసి 80ది వేశారు, సీటు పట్టాల మీద ముందుకు జరిపారు, షాపు ముందు ఒక రౌండు కొడితే మంచిగానే అనిపించింది. జడ్చర్ల నుంచి భూత్పూర్ పోయి వస్తే తెలిసింది అసలు సంగతి. రెండు చేతుల చిటికెన వేళ్లు మొద్దుబారాయి, మెడ వెనకాల ఎవరో గుప్పిట్లో పట్టి పిండినట్టు. సీటు ముందుకు జరిపినందుకు మోకాళ్లకు కూడా నొప్పి మొదలైంది. ఎనిమిది నెలలు దానితో కుస్తీ పట్టి చివరికి 40 వేలు నష్టానికి అమ్మేశా. ఆ 40 వేలు మొదట్లోనే కలిపి ఉంటే నా సైజుదే వచ్చేది.

ఇంకోటి, సైజు నంబరు ఒక్కటే పట్టుకోకు. ఒక కంపెనీ 52, ఇంకో కంపెనీ 54 ఒకే కొలతకు వస్తాయి ఒక్కోసారి. ప్రతి మోడల్‌కీ జామెట్రీ పట్టిక ఉంటుంది, అందులో స్టాక్, రీచ్ అని రెండు అంకెలు చూడు. స్టాక్ ఎత్తు, రీచ్ పొడవు. నీ ఎత్తుకు మామూలుగా 52, చేతులు కాళ్లు పొడుగైతే 54. 56కు మాత్రం పోకు.

ఎమ్మార్పీ లక్షా తొంభై అన్న మాట కూడా మరిచిపో. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆరేళ్ల కిందటి స్టిక్కర్ చూపించి ఇంత తగ్గించానంటే ఆ లెక్క నువ్వెందుకు నమ్మాలి? ఈ రోజు అదే డబ్బుకు ఇంకేం వస్తుందో చూడు.

ఎడమ కాలువ

మాది మిర్యాలగూడ వైపు. అందరూ బరువు గురించే మాట్లాడతారు కానీ నేను టైర్ల గురించి చెప్తా.

మన రోడ్ల సంగతి మీకు తెలియంది కాదు. యాసంగి కోతలు మొదలయ్యాక సగం రోడ్డు వడ్లే. పోయిన ఏప్రిల్‌లో పొద్దున ఆరున్నరకు ఒక ఊరి మలుపు తిరిగాను, ఎడమ పక్కంతా వడ్లు ఆరబోసి అంచుల్లో రాళ్లు పేర్చారు, ఎదురుగా ట్రాక్టర్. పక్కకు జరిగాను, ముందు చక్రం గింజల మీదికి ఎక్కింది. 25 మిల్లీమీటర్ల సన్న టైరు, 95 పీఎస్ఐ గాలి, గోలీల మీద కాలేసినట్టు సర్రున జారింది. పడలేదు గానీ ఒక కాలు కింద ఆనించి ఆగేసరికి బూటు నిండా వడ్లు. అక్కడ కావలి కూర్చున్న పెద్దమ్మ లేచి వచ్చి, దెబ్బ తగిలిందా అని అడగకుండా నా చక్రం కింద నలిగిన గింజలు చూసుకుంది. ఆమె తప్పేం లేదు.

కాబట్టి ఏ సైకిలైనా ఫ్రేములో ఎంత లావు టైరు పడుతుందో అడుగు. పాత రిమ్ బ్రేక్ ఫ్రేముల్లో చాలా 25 దగ్గరే ఆగిపోతాయి, బ్రేకు 28కి చోటు ఇచ్చినా ఫ్రేము ఇవ్వదు. డిస్క్ ఉన్న కొత్త వాటిలో చాలావరకు 32 పడుతుంది. 32 వేసి 60 పీఎస్ఐ దగ్గర పెట్టుకుంటే, కేజీ వీల్స్ ట్రాక్టర్లు చెడగొట్టిన రోడ్డు మీద కూడా కార్బన్ ఇచ్చే మెత్తదనం కంటే ఎక్కువే వస్తుంది. వానాకాలంలో బురద నీళ్లు పడ్డ రిమ్ మీద రబ్బరు బ్రేకు పట్టేలోపు గేదె రోడ్డు దాటేస్తుంది, లేదా దాటదు.

వనపర్తి టు కోకాపేట

చాలామంది కార్బన్ అంటే గాజు గ్లాసు అన్నట్టు భయపెడుతుంటారు. నేను నాలుగేళ్లుగా కార్బనే తొక్కుతున్నా. మన్ననూరు ఘాట్ ఎక్కాను, బీచుపల్లి దాకా పోయి వచ్చాను, ఏం కాలేదు. దెబ్బ తగలని కార్బన్ ఫ్రేము ఏళ్ల తరబడి అట్లాగే ఉంటుంది. 2019ది అని ఫ్రేము గురించి పరేషాన్ అక్కర్లేదు, ఆరేళ్లు షాపులో నిలబడితే పాడయ్యేవి టైర్లు, బ్రేకు రబ్బర్లు. 56 మాత్రం వద్దు, దాంట్లో జడ్చర్ల అన్నతో గొడవే లేదు.

నాకు సందేహమంతా ఆ సెకండ్ హ్యాండ్ మీద. అల్యూమినియానికి దెబ్బ తగిలితే సొట్ట కనబడుతుంది. కార్బన్‌లో పైన పెయింటు మామూలుగానే ఉండి లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. చూడటానికి పోతే పగటి వెలుతురులో పో. ఒక టార్చి, ఒక రూపాయి బిళ్ల జేబులో వేసుకో. బిళ్లతో ఫ్రేమంతా మెల్లగా కొట్టుకుంటూ పో, మంచి చోట టక్ టక్ అని గట్టిగా పలుకుతుంది, పొరలు విడిపోయిన చోట మొద్దుగా థప్ అంటుంది. గొట్టాలు కలిసే దగ్గర మందం మారుతుంది కాబట్టి అక్కడ చప్పుడు మారడం మామూలే, అందుకే ఎడమ పక్క ఎక్కడ కొట్టావో కుడి పక్క కూడా సరిగ్గా అక్కడే కొట్టి పోల్చి చూడు. సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) బయటికి తీయించు. అది రాకపోతే అక్కడికక్కడే లేచి వచ్చేయ్, చెమట, ఉప్పు దిగి అల్యూమినియం పోస్ట్ కార్బన్ ఫ్రేములో అతుక్కుపోతే దాన్ని తీయడానికే ఫ్రేము పగలగొట్టాల్సి రావచ్చు. స్టిక్కర్లు కొత్తగా కనబడితే వాటి కింద ఏముందో అడుగు.

అల్టెగ్రా అన్నావు కాబట్టి ఇంకో ముఖ్యమైన విషయం. 2019 జూలైకి ముందు తయారైన 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా ఏస్ క్రాంకుల్లో (పెడల్ బిగించే చేతుల్లో) కొన్ని రెండు ముక్కలు అతికిన చోట విడిపోతున్నాయని షిమానో 2023లో తనిఖీకి పిలిచింది. క్రాంక్ వెనక పక్క రెండక్షరాల కోడ్ ఉంటుంది, ఫొటో తీసుకుని కంపెనీ సైట్లో ఇచ్చిన కోడ్‌లతో సరిచూసుకో. 105 క్రాంకులకు ఈ గొడవ లేదు.

బిల్లు లేకపోవడం చిన్న సంగతేం కాదు. ఫ్రేము వారంటీ చాలా కంపెనీలు మొదట కొన్నవాళ్లకే ఇస్తాయి, అది పోయినట్టే. పైగా దొంగ సొత్తు కాదని నీకెట్లా తెలుస్తుంది? పెడళ్ల మధ్య కింది భాగంలో సీరియల్ నంబరు ఉంటుంది, దాన్ని గీకేసి ఉంటే మాట్లాడకుండా వచ్చేయ్.

పిల్లలమర్రి నీడ

బరువు లెక్క నేను చెప్తా. నీ కార్బన్ రిమ్ బ్రేకు సైకిల్ 8 కిలోల పైచిలుకు ఉంటుంది, అల్యూమినియం డిస్క్‌ది 10 దగ్గర. తేడా కిలోన్నర, రెండు. ఏప్రిల్‌లో నల్గొండ ఎండలో 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు లేకుండా ఊరు దాటగలవా? ఆ నీళ్లే కిలోన్నర. చదును రోడ్డు మీద 30 వేగం దాటాక నిన్ను ఆపేది గాలే, బరువు కాదు. ఘాట్లలో తేడా తెలుస్తుంది గానీ నువ్వు తొక్కే దారిలో ఘాట్ ఎక్కడుంది?

లక్షా పదిహేను సైకిల్‌కే పోస్తే మిగతావి ఎట్లా కొంటావు? ఈ రకం సైకిళ్లకు చాలావాటికి పెడళ్లు కూడా రావు. పెడళ్లు, వాటికి తగులుకునే క్లీట్ బూట్లు, బీఆర్ఎంకు ముందు వెనక లైట్లు, రిఫ్లెక్టివ్ జాకెట్, పంపు, ట్యూబులు. కార్బనైతే టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగిస్తున్నామో చూపే పానా) తప్పదు, సీటు క్లాంపు చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆపాలి. మన ఊళ్లో మెకానిక్ చేతికిస్తే బండి బోల్టు బిగించినట్టు బిగిస్తాడు, కర్రుమని ఒక చప్పుడు వస్తుంది, అంతే సంగతులు. కార్బన్ తెలిసిన చేయి కావాలంటే వంద కిలోమీటర్లు హైదరాబాద్ పోవాలి.

పానగల్లు కట్ట

అందరికీ థ్యాంక్స్ అన్నా. 56 ఆలోచన మానేశాను, షాపాయనకు ఫోన్ చేసి చెప్పేశా. చెప్పగానే లక్షా ఐదు వేలకు దిగాడు, పది నిమిషాల తర్వాత మళ్లీ తనే చేసి లక్ష అన్నాడు. నిజం చెప్పాలంటే అప్పుడు మనసు కొంచెం లాగింది. సెకండ్ హ్యాండ్ మాత్రం ఒకసారి చూసి వస్తా, లేకపోతే నిద్ర పట్టదు.

జడ్చర్ల 44

లక్షకు దిగితే సైజు కూడా దిగుతుందా తమ్మీ?

పానగల్లు కట్ట

నిన్న దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయి చూసి వచ్చా. సైకిల్ దూరం నుంచి మెరిసిపోతోంది. బిళ్ల తీయగానే అమ్మేటాయన మొహం మారింది, ఏం చేస్తున్నారు, గీతలు పడతాయి అన్నాడు. మెల్లగానే కొట్టా. ముందు గొట్టాలన్నీ టక్ టక్ అన్నాయి. వెనక చక్రం పక్కన ఎడమ గొట్టం మీద బ్రేకుకు కాస్త కింద, నల్ల స్టిక్కర్ ఒకటి ఉంది, దాని మీద కొడితే మొద్దుగా పలికింది. కుడి పక్క అదే చోట గట్టిగా ఉంది. మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ అదే. ఇక్కడ స్టిక్కర్ ఎందుకుందన్నా అంటే డిజైన్ అన్నాడు. కుడి పక్కన లేదు మరి. సీట్ పోస్ట్ తీయమంటే బోల్టు వదులు చేసి ఇద్దరం చెరో పక్క పట్టుకుని తిప్పాం, కదల్లేదు. చాయ్ తాగి వచ్చేశా.

వచ్చే దారిలో అల్యూమినియం ఉన్న షాపులో ఆగి ఇరవై నిమిషాలు తొక్కి చూశా. హైబ్రిడ్ మీద పట్టేసే చోట పట్టేయలేదు. ఫ్రేములో 32 పడుతుందట, ఇప్పుడు 28 ఉన్నాయి. పెడళ్లు, రెండు ట్యూబులు కలిపి 88కే ఇస్తానన్నాడు, ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చా. కార్బన్ మీద ఆశ పోయిందని చెప్పను, చిట్టి ఇంకోటి నడుస్తోంది.

ఒక్క సందేహం మిగిలింది. ఉదయసముద్రం కట్ట వైపు సర్కారు తుమ్మ ముళ్లు ఎక్కువ, వారానికో పంక్చర్ నాకు. ట్యూబ్‌లెస్ చేయించుకోవాలా, ట్యూబులతోనే నడిపించాలా?

ఎడమ కాలువ

ముందు ఆ 28లు అరగనీ, తర్వాత పంక్చర్ పట్టీ ఉన్న 32 వేసుకో. ట్యూబ్‌లెస్ మంచిదే కానీ మన ఎండలకు లోపలి సీలెంట్ (రంధ్రాలు మూసే ద్రవం) తొందరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి పోసుకునే ఓపిక ఉంటేనే. ట్యూబులు రెండు, ప్యాచ్‌లు నాలుగు, టైరు లీవర్లు మరిచిపోకు. టైరు విప్పాక లోపలి వైపు గుడ్డతో తుడిచి చూడు, వేలితో తడమకు, ముల్లు మొన అక్కడే విరిగి ఉంటుంది.

సైకిల్ ఇంటికొచ్చాక చెప్పు, ఒక ఆదివారం హాలియాలో కలుద్దాం, నేను ఇటు నుంచి వస్తా.