చనిపోయిన విద్యార్థి గుర్తుగా బడిలో ఏం పెట్టాలి? మీ దగ్గర ఏం చేశారు?

పరకాల_బయాలజీ

అందరికీ నమస్తే. పరకాల వైపు ఒక జడ్పీ హైస్కూల్లో పనిచేస్తున్నాను. దసరా సెలవుల్లో మా తొమ్మిదో తరగతి బాబు చెరువులో ఈతకు పోయి మునిగి చనిపోయాడు. బడి తెరిచేసరికి గేటు పక్కన ఫ్లెక్సీ కట్టి ఉంది, మధ్యలో వాడి ఫోటో, చుట్టూ దోస్తుల ఫోటోలు, కింద 'మిస్ యూ మామా'. ప్రేయర్లో రెండు నిమిషాలు మౌనం పాటించాం, మధ్యాహ్నం నుంచి సెలవిచ్చాం. ఇప్పుడు దోస్తులంతా చందాలు వేసుకుని జెండా గద్దె పక్కన వాడి విగ్రహం పెట్టిస్తామంటున్నారు. సర్పంచ్‌గా నిలబడాలని చూస్తున్న ఒకాయన తక్కువ పడ్డ డబ్బులు నేనిస్తానన్నాడు, ఆవిష్కరణకు ఎమ్మెల్యేను పిలుస్తానని కూడా చెప్పేశాడు. హెచ్ఎం సార్‌కు ఇష్టం లేదు గానీ ఆ మాట పిల్లల ముందు అనలేకపోతున్నారు.

నా టెన్షన్ వేరే. 2021లో కరోనాతో మా సోషల్ సార్ పోతే లైబ్రరీకి ఆయన పేరు పెట్టి బోర్డు రాయించాం. ఆ తర్వాత డెంగీతో ఒక అమ్మాయి పోయింది, ఆ పిల్లకు మౌనం, సగం రోజు సెలవు, అంతే. వాళ్ల చెల్లె ఇప్పుడు నా క్లాసులోనే ఉంది. విగ్రహం సంగతి విన్నట్టుంది, ఇంటర్వెల్లో నా దగ్గరికొచ్చి "మా అక్కకేం పెట్టలేదు కద మేడం" అంది. కోపంగా కాదు, ఊరికే అడిగినట్టే అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. మీ బళ్లలో దీనికి ఏదైనా పద్ధతి ఉందా?

జమ్మికుంట_రిటైర్డ్_హెచ్ఎం

అమ్మా, విగ్రహం మాత్రం వద్దు. ఆ పిల్లాడి మీద ప్రేమ లేక కాదు. ఇప్పుడు చందాలేస్తున్న పిల్లలు ఏడాదిన్నరలో పదో తరగతి రాసి వెళ్లిపోతారు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఆ బాబు ఎవరో తెలియదు. రంగు పోయిన విగ్రహానికి రంగు వేయించేదెవరు, ముక్కు విరిగితే బాగుచేయించేదెవరు, ఇదంతా చివరికి అటెండర్ నెత్తిన పడుతుంది. అసలు అటెండరే లేని బళ్లు ఎన్నో. పైగా ఎమ్మెల్యే వచ్చి రిబ్బన్ కత్తిరించాక దాన్ని పక్కకు జరపడం ఎవరి తరం కాదు, రేపు అక్కడ అదనపు గది కట్టాల్సి వచ్చినా సరే.

మా కాలంలో అందరూ ఫ్యాన్లు ఇచ్చేవాళ్లు. నేను చేసిన ఒక బడిలో ప్రతి రెక్క మీదా 'కీ.శే. ఫలానా వారి జ్ఞాపకార్థం' అని ఎర్ర పెయింటుతో రాసి ఉండేది (పేరు చదవాలంటే ఫ్యాను ఆపాలి, ఎండాకాలంలో ఎవరాపుతారు). ఫ్యాను ఎన్నాళ్లు తిరిగితే అన్నాళ్లు, పాడైతే పోయింది, ఎవరూ బాధపడలేదు. నన్నడిగితే అది మంచి పద్ధతే.

ఇంకోటి నగదు బహుమతి. ఒక తండ్రి కొడుకు పేరిట బ్యాంకులో డిపాజిట్ చేసి, వడ్డీ డబ్బులు ప్రతి ఆగస్టు 15న టెన్త్ ఫస్టు వచ్చినవాళ్లకు ఇవ్వమన్నాడు. ఆ పిల్లాడేమో లెక్కల్లో అత్తెసరు మార్కులవాడు, కబడ్డీలో మాత్రం మండల స్థాయిలో ఆడినవాడు. మా పీఈటీ సార్ ఆ తండ్రి దగ్గర కూర్చుని ఓపికగా మాట్లాడి, దాన్ని కబడ్డీ టీంకు డ్రెస్సులుగా మార్పించాడు. ఇప్పుడు ఆ వడ్డీకి రెండు జతలు కూడా రావు, మిగతాది పాత విద్యార్థులు కలుపుతున్నారు. తండ్రి మాత్రం మ్యాచ్‌కు వచ్చి గీత పక్కన నిలబడి అరుస్తాడు.

చెల్లె అడిగిన మాట గురించి నా దగ్గర జవాబు లేదమ్మా.

హన్మకొండ_కౌన్సెలర్

మేడం, విగ్రహం కంటే ముందు ఒక విషయం. ఆ రోజు చెరువుకు ఆ బాబుతో పాటు ఇంకెవరెవరు పోయారు? వాళ్లను చూసుకోండి. ఊళ్లో అందరూ 'మీరే తీసుకపోయిన్రు' అంటుంటారు, వాళ్లు బడికి వస్తారు, నవ్వుతారు, చందాలు కూడా వాళ్లే ముందుండి వసూలు చేస్తారు, రాత్రి మాత్రం నిద్రపోరు. క్లాస్ టీచర్ ఒక్కొక్కరిని విడిగా పిలిచి 'నీ తప్పు కాదురా' అని నోటితో చెప్పాలి, ఒకసారి చెబితే సరిపోదు. మనసు బాగా లేకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చని, తెలుగులో మాట్లాడతారని, డబ్బులు పడవని చెప్పండి.

ఇక మీరడిగిన పద్ధతి. అమెరికాలో ఆత్మహత్యల నివారణ సంస్థలు స్కూళ్ల కోసం ఒక గైడ్ తయారు చేశాయి, 2018లో దాని రెండో కూర్పు వచ్చింది. అందులో గట్టిగా చెప్పేది ఏమిటంటే, విద్యార్థి ఎలా చనిపోయినా బడి చేసే పని ఒకేలా ఉండాలి. యాక్సిడెంట్‌లో పోతే పెద్ద సభ, క్యాన్సర్‌తో పోతే చెట్టు, ఆత్మహత్య అయితే గప్‌చుప్, ఇలా ఉండకూడదు. ఆత్మహత్య చేసుకున్న పిల్లలకు బడిలో శాశ్వతంగా గుర్తులు పెట్టొద్దంటారు, ఎందుకంటే అప్పటికే కుంగి ఉన్న ఇంకో పిల్లవాడికి 'నేను పోతే నాకూ ఇంత పేరొస్తుంది' అనిపించే ప్రమాదం ఉంది. ఇంటర్ రిజల్ట్స్ సీజన్లో మన దగ్గర ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాం, ఇది మనకు దూరపు సంగతేం కాదు. ఒకరికి వద్దంటే అందరికీ వద్దనాలి కాబట్టి, మొదటి నుంచే విగ్రహాలు, గదులకు పేర్లు లేకుండా చూసుకోవడం మేలు. కేంద్ర విద్యాశాఖ కూడా 2023లో 'ఉమ్మీద్' పేరుతో ఆత్మహత్యల నివారణకు ముసాయిదా మార్గదర్శకాలు ఇచ్చింది, బడిలో ఒక వెల్‌నెస్ టీం ఉండాలంది. మీ బడిలో ఉందా అని అడగను.

చావు కబురు ప్రేయర్లో మైకులో చెప్పడం కన్నా ఏ క్లాసుకు ఆ క్లాసులో చెప్పడం నయం. ఆ బాబు కూర్చున్న చోటు మర్నాడే సర్దేయకండి, కొన్నాళ్లాగి పిల్లలనే అడిగి మార్చండి. హాజరు పట్టీలో, యాప్‌లో పేరు సంగతి ముందే చూడండి, కొత్తగా వచ్చిన సార్ ఎవరో తెలియక ఆ పేరు పిలిస్తే క్లాసు మొత్తం ఏడుస్తుంది.

ములుగు_అన్న

పైన యాప్ మాట చూసి రాస్తున్నాను. మా తమ్ముడు పోయినప్పుడు వాడు ఒక ప్రైవేటు స్కూల్లో చదివేవాడు, పేరు వద్దు. దినాలు కూడా కాలేదు, 'మీ అబ్బాయి ఈరోజు బడికి రాలేదు' అని అమ్మ ఫోన్‌కు రోజూ మెసేజ్. అమ్మకు చదువు రాదు కాబట్టి సరిపోయింది, నేను చూసి డిలీట్ చేసేవాణ్ణి. ఆ తర్వాత అడ్మిషన్ల ఫ్లెక్సీలో ర్యాంకుల పిల్లల మధ్య వాడి ఫోటో కూడా వేశారు, నివాళి అట. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఒక్క డ్రాయింగ్ సార్ మాత్రం పదకొండో రోజు అయిపోయాక ఇంటికొచ్చి వాడి రికార్డు బుక్కు, రెండు నోట్సులు, సగం రంగులు వేసిన చార్టు ఇచ్చి వెళ్లాడు. ఆ చార్టు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మేడం, ఏం పెట్టాలన్నా ముందు ఇంట్లో అడగండి. కొందరికి ఫోటో కావాలనిపిస్తుంది, మా నాన్న ఆ బడి ఉన్న వీధిలోంచి పోవడమే మానేశాడు.

కాజీపేట_తమ్మి

అందరూ వద్దనే వాళ్లేనా? హన్మకొండలో అదాలత్ దగ్గర తెలంగాణ అమరవీరుల స్తూపం ఉంది, ఏకశిల పార్కులో జయశంకర్ సార్ విగ్రహం ఉంది, మన ఊళ్లలో ఏ చౌరస్తాకు పోయినా ఎవరిదో ఒకరి గుర్తు ఉంటుంది. పిల్లలు చూసి నేర్చుకున్నదే చేస్తున్నారు. పెద్దలకు విగ్రహాలు, పిల్లలకు మాత్రం కౌన్సెలింగ్. వాళ్ల సొంత డబ్బులు, వాళ్ల దోస్తు.

జమ్మికుంట_రిటైర్డ్_హెచ్ఎం

తమ్మీ, నువ్వన్న స్తూపాలు చౌరస్తాల్లో ఉన్నాయి, చూడాలనుకున్నవాడు పోయి చూస్తాడు, వద్దనుకున్నవాడు వేరే దారిలో పోతాడు. బడి అట్లా కాదు, ఆ చెల్లె పదో తరగతి అయ్యేదాకా రోజూ జెండా ముందు నిలబడాలి. తమిళనాడు కుంభకోణంలో 2004 జులై 16న బడికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు పోయారు, అక్కడ స్మారకం కట్టారు, ఏటా ఆ రోజు తల్లిదండ్రులు దండలు వేస్తారు. అది కట్టాల్సిందే, ఎందుకంటే అది జనం మర్చిపోతే మళ్లీ జరిగే తప్పు.

నిజానికి ఈ బాబు సంగతిలోనూ అదే అడగాలనిపిస్తోంది. ఆ చెరువులో మొరం తీసిన గుంతలున్నాయా అమ్మా? ఒడ్డున మోకాలిలోతు, రెండడుగులు వేస్తే నిలువులోతు. మా వైపు సగం చావులు అట్లాంటి గుంతల్లోనే.

పరకాల_బయాలజీ

ఉన్నాయి సార్. జేసీబీతో తీసిన గుంతలే, నీళ్లు నిండితే కనపడవు.

అందరికీ థాంక్స్. ఆ రోజు వెంట పోయింది ఇద్దరు, కౌన్సెలర్ గారు చెప్పినట్టే చందా పుస్తకం వాళ్ల చేతిలోనే ఉంది. ఒకడు మాట్లాడాడు, ఇంకొకడు ఇంకా మాట్లాడలేదు. బాబు వాళ్ల అమ్మానాన్నల దగ్గరికి వెళ్లొచ్చాం, విగ్రహం సంగతి వాళ్లకు ఎవరూ చెప్పనే లేదు. ఆయన 'మీ ఇష్టం సార్' అన్నాడు, ఆమె మాత్రం బడి సంచి ఎప్పుడు ఇస్తారని అడిగింది. సంచి వాడి ఇంట్లోనే ఉంటుందనుకున్నాం, చూస్తే సెలవులకు ముందు క్లాసు బీరువా మీద పెట్టి మర్చిపోయాడు. రేపు నేనే తీసుకెళ్తున్నాను.

చందా డబ్బులతో చెరువు గట్టు మీద హెచ్చరిక బోర్డు, ఒక తాడు, గాలి నింపిన ట్యూబు పెడదామంటే పిల్లలు ఒప్పుకున్నారు, కానీ బోర్డు మీద వాడి ఫోటో ఉండాలంటున్నారు. ఇరిగేషన్ ఏఈని అడగాలట, శనివారం అమ్మ ఆదర్శ కమిటీ (బడి బాగోగులు చూసే తల్లుల కమిటీ) మీటింగులో పెడుతున్నాం. లైబ్రరీ బోర్డు ఉంచాలా తీయాలా అన్నది కూడా అక్కడే అడుగుతా, గొడవ ఖాయం. చెల్లె వాళ్ల అమ్మను కూడా రమ్మన్నాను. ఆ ఫ్లెక్సీ ఎవరు దించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు?

జమ్మికుంట_రిటైర్డ్_హెచ్ఎం

కట్టినవాళ్లే దించాలి. మీరు పక్కన ఉండండి. చింపకుండా మడిచి వాళ్లకే ఇవ్వండి, ఎక్కడ పెట్టుకుంటారో వాళ్లిష్టం. సర్పంచ్ క్యాండిడేట్ సంగతి హెచ్ఎంకు వదిలేయకండి, ఆయన బదిలీ దరఖాస్తులో ఉన్నాడేమో అడగండి ముందు.